చీటీ లేనిదే గెడ్డనీరు ఇవ్వబడదు

నా సర్టిఫికెట్టు ఉద్యోగం చేస్తుంది, నేను పిండిమిల్లు నడుపుకుంటాను. ఈ మాట వింటే బయటి ఊరివాళ్ళు నవ్వుతారు గాని మా గుమ్మడివలసలో ఇందులో వింతేమీ లేదు. మందుల షాపు పెట్టాలంటే ఫార్మసీ చదివిన మనిషి ఒకడు షాపులో ఉండాలని చట్టం. ఆ మనిషిని రోజంతా కూర్చోబెట్టుకోవడం షాపువాళ్ళకి కష్టం, కూర్చోవడం మనిషికి కష్టం. అందుకని ఇద్దరికీ అనుకూలంగా మనిషి తన పని తాను చూసుకుంటాడు, అతని సర్టిఫికెట్టు ఫ్రేము కట్టుకుని షాపు గోడమీద ఉంటుంది. నెలనెలా అద్దె వస్తుంది. నేను జ్వరంతో మంచంపట్టిన రోజుల్లో కూడా నా సర్టిఫికెట్టు ఒక్కపూట సెలవు పెట్టలేదు.

అలాంటి సర్టిఫికెట్టుకి పోయిన వేసవిలో ఉద్యోగం ఊడింది. బస్టాండు దగ్గర షాపు యజమాని మందులు మానేసి సెల్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ఫ్రేము తెచ్చి మిల్లులో మేకుకి తగిలించాను. దానిమీద పిండి పేరుకుంటూ ఉండగా మల్లిగెడ్డ రిపోర్టు వచ్చింది.

గెడ్డ అంటే తెలియనివాళ్ళు వాగు అనుకోండి. గుట్ట మీద పుట్టి, మాత్రల కంపెనీ వెనకనుంచి దిగి, మునిసిపల్ ఆసుపత్రి కాలువని కలుపుకుని, మా మిల్లు పక్కనుంచి పోతుంది. డిగ్రీ కాలేజీ పిల్లలు ఏదో ప్రాజెక్టు కోసం సీసాలో ఆ నీళ్ళు పట్టుకెళ్ళి పరీక్ష చేయిస్తే, అందులో షుగరు మాత్ర, బీపీ మాత్ర, నొప్పుల మాత్ర, గ్యాసు మాత్ర, పుళ్ళకి వాడే యాంటిబయోటిక్, మొత్తం అయిదు రకాల మందులు కరిగి ఉన్నాయని తేలింది. పేపర్లో వచ్చింది. పేపర్లో వచ్చింది కాబట్టి మీటింగు పెట్టారు.

నన్ను సాంకేతిక నిపుణుడిగా పిలిచారు. ఊళ్ళో ఫార్మసీ చదివినవాళ్ళు ఇంకా ఉన్నారు గాని, డ్యూటీలో ఉన్నవి వాళ్ళ సర్టిఫికెట్లే. మనుషులు విశాఖలోనూ హైదరాబాదులోనూ వేరే ఉద్యోగాల్లో ఉన్నారు. మనిషిగా దొరికింది నేనొక్కడినే.

మునిసిపల్ కమిషనర్ గారు గొంతు సవరించుకుని, "సదరు గెడ్డ విషయమై తక్షణమే చర్యలు గైకొనవలసి ఉన్నది. చర్య ఏ శాఖదో ముందు తేలవలెను," అన్నారు.

కాలుష్య నియంత్రణ ఆఫీసరు లేచి, తన శాఖది కాదని మర్యాదగా మనవి చేశాడు. "కాలుష్యమనగా హాని కలిగించు పదార్థము. మందు అనగా మేలు కలిగించు పదార్థము. రిపోర్టులో ఉన్న అయిదునూ మందులే. మేలు కలిగించు పదార్థముపై చర్య తీసుకొను అధికారము మాకు లేదు."

అప్పుడు మందుల ఇన్‌స్పెక్టరు సన్యాసిరావు గారు లేచారు. ఆయన నిజాయితీపరుడు. టీ కూడా తన డబ్బుతోనే తాగుతాడు. అలాంటివాడు రూలు పట్టుకున్నాడంటే ఇక వదలడు. "మందులు నిల్వయున్న ప్రతి ప్రదేశమునకూ లైసెన్సు ఉండవలెను. సదరు గెడ్డ అనేక సంవత్సరములుగా లైసెన్సు లేకుండా, బిల్లు ఇవ్వకుండా, డాక్టరు చీటీ అడగకుండా, వచ్చిన ప్రతివారికీ మందులు సరఫరా చేయుచున్నది," అన్నారు.

అందరూ తలలూపారు. ఆరోపణలో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు మరి.

కొత్తగా వచ్చిన అసిస్టెంటు ఇంజనీరు ఒకతను చెయ్యెత్తాడు. "సార్, అసలు ఆ మందులు గెడ్డలోకి ఎక్కడినుంచి వస్తున్నాయో చూస్తే..."

"అజెండాలో గెడ్డ ఉన్నది. గెడ్డకి ఎగువ ఉన్నది అజెండాలో లేదు," అన్నారు కమిషనర్ గారు. "లైసెన్సు లేని షాపును ఏమి చేయుదురు, ఇన్‌స్పెక్టరు గారూ?"

"మూసివేసి సీలు వేయుదుము."

గెడ్డని మూసెయ్యగలరా అని అందరూ ఇంజనీరుకేసి చూశారు. పారేదాన్ని మూస్తే మరో దారిన పారుతుంది సార్, అన్నాడు అతను. అయితే లైసెన్సు ఇవ్వడమే మార్గమని తీర్మానం అయింది. లైసెన్సుకి ఫార్మసిస్టు కావాలి. అందరూ నాకేసి తిరిగారు. మిల్లులో ఖాళీగా ఉన్న సర్టిఫికెట్టు గుర్తొచ్చి నాకు సంతోషం కలిగింది. ప్రభుత్వ ఉద్యోగం నాకు రాలేదు, దానికైనా వచ్చింది.

గెడ్డ ఒడ్డున, మా మిల్లుకి కనబడేంత దూరంలో రేకుల షెడ్డు వేశారు. మందుల షాపుకి ఇంత విస్తీర్ణం ఉండాలని రూలు. గెడ్డకి అంతకంటే ఎక్కువే ఉందని టేపుతో కొలిచి రాసుకున్నారు. మందులకి ఎండ తగలకూడదని రూలు. షెడ్డు పక్కన కొంతమేర ఆకుపచ్చ వల కట్టి, మిగతా గెడ్డకి వచ్చే బడ్జెట్లో చూద్దామన్నారు. ఫ్రిజ్జు ఉండాలని రూలు. గెడ్డని ఫ్రిజ్జులో పెట్టడం కుదరదు గనక ఫ్రిజ్జుని గెడ్డ పక్కన పెట్టారు. అక్కడ కరెంటు లేదు గాని, రూల్లో కరెంటు మాట లేదు. ప్రతి మందుకీ బ్యాచి నెంబరు వెయ్యాలి. పారే నీటికి క్షణానికో బ్యాచి అవుతుంది కదా అని నేను సందేహం వెలిబుచ్చితే, సన్యాసిరావు గారు కాసేపు నీళ్ళకేసి చూసి, "రోజుకొక బ్యాచి. రాత్రి పారినది లెక్కలోనికి రాదు. రాత్రి షాపు మూసియుండును," అని తేల్చేశారు.

షెడ్డుకి బోర్డు కట్టారు. "మల్లిగెడ్డ మెడికల్స్. డాక్టరు చీటీ లేనిదే గెడ్డనీరు ఇవ్వబడదు." దానికింద నా సర్టిఫికెట్టు. కొబ్బరికాయ కొట్టారు, కమిషనర్ గారు రిబ్బను కత్తిరించారు, ఇద్దరు కాపలావాళ్ళు కర్రలతో నిలబడ్డారు. నేను లడ్డూ తిని మిల్లుకి వచ్చేశాను. నా సర్టిఫికెట్టు డ్యూటీలో ఉండిపోయింది.

మొదటివారం గేదెలతో ఇబ్బంది వచ్చింది. అవి చీటీ చూపించకుండానే నేరుగా మందులోకి దిగిపోయేవి. పశువుల డాక్టరు చేత "ఒంటికి రాసుకొనుటకు మాత్రమే" అని చీటీలు రాయించారు. గేదెలు ఒంటికి రాసుకుంటూనే తాగడం కూడా మొదలుపెట్టాయి. కాపలావాళ్ళు అది "వాడుక విధానమును ఉల్లంఘించుట" అని రిపోర్టు రాశారు. ఆ రిపోర్టుకి గేదెలు ఇంతవరకూ సంజాయిషీ ఇచ్చుకోలేదు.

ఇదంతా మిల్లులో కూర్చుని వింటూ నేను హాయిగా నవ్వుకునేవాణ్ణి, అప్పయ్యమ్మ వచ్చేదాకా.

కర్రి అప్పయ్యమ్మకి గెడ్డ ఒడ్డున పాతిక సెంట్ల మడి ఉంది. తోటకూర, బచ్చలి, గోంగూర వేస్తుంది. పొద్దున్నే గంపకెత్తుకుని నాలుగు వీధులూ తిరిగి అమ్ముతుంది. మొగుడు పోయి చాలాకాలమైంది. ఆ మడే ఆమెకి తిండి. వారానికోసారి చోళ్ళు, అదే రాగులు, పిండి పట్టించుకోవడానికి మిల్లుకి వచ్చి, పోతూ పోతూ ఒక కట్ట తోటకూర గల్లాపెట్టె మీద పెట్టిపోతుంది. వద్దంటే వినదు. ఆవేళ చోళ్ళూ లేవు, తోటకూరా లేదు. వట్టి చేతులతో వచ్చి నిలబడింది.

"బాబూ, ఆ సెడ్డు కాడ నీ పేరు రాసున్నాదట కదా. నీకు తెలీకుండా అవుతాదేటి? నా మడికి నీరు ఎట్టనీడం నేదు."

"డాక్టరు చీటీ తెమ్మంటున్నారు అప్పయ్యమ్మా. రూలు."

"తోటకూరకి సీటీ ఎవులు రాస్తారు బాబూ?"

నేను ఆలోచించి వ్యవసాయ శాఖ ఆఫీసుకి పంపాను. మొక్కలకి పురుగుమందు రాసే అధికారం తనకుంది గాని షుగరు మాత్ర రాసే అధికారం లేదని అక్కడి ఆఫీసరు చెప్పాడట. అతను చెప్పిందీ న్యాయమే. అప్పయ్యమ్మ తిరిగొచ్చి గుమ్మం దగ్గర చతికిలబడింది. "ఇంకో రెండెండలు కాస్తే మడి మాడిపోతాది బాబూ," అంది.

నాకు ఒక ఉపాయం తట్టింది. ఉపాయం తట్టినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. చీటీ తోటకూర పేరున ఎందుకు, అప్పయ్యమ్మ పేరున రాయిస్తే సరి. వెంటనే మునిసిపల్ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టర్ హైమవతి గారు బీపీ చూశారు, వేలిమీద గుచ్చి షుగరు చూశారు, కడుపు నొక్కి చూశారు.

"ఈవిడకి ఏ జబ్బూ లేదండి. నాకంటే ఆరోగ్యంగా ఉంది," అన్నారు.

"జబ్బు లేకపోతే నీళ్ళు ఇవ్వరండి," అన్నాను.

ఆమె నాకేసి చూసి, బయట వరండాలో ఉన్న జనంకేసి చూశారు. ఆ వారం అంతా వాళ్ళలో సగంమంది బిందెలతో వచ్చినవాళ్ళే. "ఏ జబ్బు రాయమంటారు?" అన్నారు నీరసంగా.

అయిదూ రాయాలని చెప్పాను. అప్పటికే సన్యాసిరావు గారు సర్క్యులరు ఇచ్చి ఉన్నారు. గెడ్డలో అయిదు మందులూ కలిసే ఉన్నాయి గనక, ఒక జబ్బుకి మాత్రమే చీటీ తెచ్చినవారికి నీళ్ళు పోస్తే మిగతా నాలుగు మందులూ చీటీ లేకుండా ఇచ్చినట్టవుతుందని. డాక్టరు గారు షుగరు, బీపీ, కీళ్ళనొప్పులు, గ్యాసు, కాలి పుండు అని వరసగా రాసి, కిందన "గెడ్డనీరు, పొద్దున ఇరవై బిందెలు, సాయంత్రం ఇరవై బిందెలు, తాగరాదు" అని రాశారు. అదంతా కంప్యూటర్లోకి ఎక్కించారు.

దారిలో అప్పయ్యమ్మ చీటీని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "నాకు షుగరు ఎట్టీసినారేటి బాబూ?"

"నిజంగా కాదులే. కాగితం మీదే."

"కాగితం మీదైతే ఎట్టీండి. మడి బతికితే సాలు," అంది.

మడి బతికింది. తోటకూర మళ్ళీ నా గల్లాపెట్టె మీదకి వచ్చింది. గెడ్డ ఒడ్డున బట్టలుతికేవాళ్ళూ, ఇటుకబట్టీవాళ్ళూ, కూరమళ్ళవాళ్ళూ అందరూ అయిదేసి జబ్బులు తెచ్చుకున్నారు. కంప్యూటర్లో పేర్లున్నాయి గనక ఆసుపత్రి నర్సమ్మ నెలనెలా వాళ్ళ ఇళ్ళకి అయిదు రకాల మాత్రలూ తెచ్చి ఇచ్చిపోయేది. జబ్బులేని మనిషి ఆ మాత్రలు ఏం చేసుకుంటాడు? పిల్లలు చూసి మింగేస్తారేమోనని భయపడి, నీళ్ళకి వచ్చినప్పుడు గెడ్డలో పారేసేవారు. గెడ్డలో మందు పెరిగింది. నెలాఖరు శాంపిల్లో నాణ్యత మెరుగైందని సన్యాసిరావు గారు కాపలావాళ్ళని అభినందించారు.

అంతలో వానలు పట్టాయి. గెడ్డ రెండు ఒడ్లూ ఒరుసుకుని పారింది. ఆ నెల శాంపిల్లో అయిదు మందులూ ఉండవలసినంత లేవు. సన్యాసిరావు గారు హుటాహుటిన మీటింగు పెట్టించారు. ఆయన ముఖంలో నిజమైన బాధ కనబడింది.

"లైసెన్సు పొందిన షాపులో మందు ఉండవలసిన మోతాదు కన్న తక్కువ ఉండుట నేరము. రోగి నమ్మి చీటీ తెచ్చుకొనుచున్నాడు. అతనికి వట్టి నీరు పోయుట మోసము."

"ఎవరు కల్తీ చేసిరి?" అని అడిగారు కమిషనర్ గారు.

"వర్షము."

వాన మీద చర్య తీసుకునే సంగతి కాసేపు చర్చించారు. నోటీసు అందించడానికి చిరునామా లేనందువల్ల ఆ ప్రతిపాదన విరమించారు. తగ్గిన మందుని ఎలాగైనా భర్తీ చెయ్యాలి. "ప్రతి షాపునకూ ఒక సరఫరాదారు ఉండును. ఈ షాపునకు సరఫరాదారు ఎవరు?" అని కమిషనర్ గారు అడిగారు.

అసిస్టెంటు ఇంజనీరు మళ్ళీ చెయ్యెత్తాడు. "సార్, గుట్ట దగ్గర మాత్రల కంపెనీది ఒక గొట్టం ఉంది. అదే నేను మొదటిరోజు..."

"చాలా సంతోషము. ఆ రోజే చెప్పవలసినది," అన్నారు కమిషనర్ గారు.

కంపెనీకి ఉత్తరం వెళ్ళింది. వానాకాలంలో సరఫరా పెంచి ప్రజారోగ్యానికి సహకరించవలసిందిగా. కంపెనీ మేనేజరు ఆ ఉత్తరం చాలాసార్లు చదువుకున్నాడని అక్కడ పనిచేసే మా బావమరిది చెప్పాడు. మునిసిపాలిటీ ఉత్తరం అనగానే జరిమానా అనుకుని ముందు చెమట్లు పట్టాయట. అంతకు ముందు చీకటి పడ్డాకే గొట్టం వదిలేవారు. ఆ ఉత్తరం ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకుని, పగలు కూడా వదలడం మొదలుపెట్టారు. పంద్రాగస్టున మునిసిపల్ ఆఫీసు ముందు జెండా ఎగరేసి, పట్టణానికి ఉచితంగా మందులు సరఫరా చేస్తున్నందుకు మేనేజరుకి శాలువా కప్పారు. "ఏదో మా వంతు," అన్నాడాయన వినయంగా.

నాణ్యత ప్రమాణానికి చేరింది, దాన్ని దాటింది కూడా. గెడ్డలో చేపలు వెల్లకిలా తేలాయి. "చేపలు విశ్రాంతి తీసుకొనుచున్నవి" అని కాపలావాళ్ళు రిపోర్టు రాశారు. అప్పయ్యమ్మ మడి మాత్రం కళ్ళు తిరిగేటంత పచ్చగా ఉంది.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున ఆమె కుంటుకుంటూ మిల్లుకి వచ్చింది. గెడ్డలో దిగితే ఏదో సీసాపెంకు కాల్లో దిగిందట. అరికాలి పక్కన రెండంగుళాల గాటు. పసుపు అద్దుకుంది.

"చిన్నదే బాబూ. మానిపోతాది," అంది.

మానలేదు. వాచింది. ఆసుపత్రికి వెళితే హైమవతి గారు యాంటిబయోటిక్ రాశారు. గెడ్డలో ఉన్నదే అది. పనిచెయ్యలేదు. దానికంటే పెద్దది రాశారు. అదీ పనిచెయ్యలేదు. కాలు నల్లబడటం చూసి డాక్టరు గారే అంబులెన్సు ఎక్కించి పట్నం పెద్దాసుపత్రికి పంపారు. వెంట ఎవరూ లేరని నేను మిల్లు మూసి వెళ్ళాను.

అక్కడ పుండులోంచి కొంచెం తీసి పరీక్ష చేసి, పెద్ద డాక్టరు నన్ను పక్కకి పిలిచాడు. "ఈవిడ పుండులో ఉన్న క్రిములకి మా దగ్గరున్న మందులన్నీ అలవాటే. రోజూ కాస్త కాస్త మందులో నానుతూ పెరిగితే క్రిములు ఇలా మొండికెత్తుతాయి. ఈవిడ ఎక్కడ పనిచేస్తుంది?" అని అడిగాడు. నేను చెప్పాను. ఆయన అది కేసు కాగితం మీద రాసుకున్నాడు. తర్వాత, ఆలస్యం చేస్తే మనిషే దక్కదని చెప్పి, మోకాలి కిందకి కాలు తీసేశారు.

తెలివొచ్చాక అప్పయ్యమ్మ దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి తడుముకుంది. ఏడవలేదు. డాక్టరు చెప్పిందంతా నేను చెబితే కళ్ళు మూసుకుని విని, "నాకు నీరు కావాలంటే సీటీ అడిగినారు. మరి ఆ పురుగులకి సీటీ ఎవులు రాసినారు బాబూ?" అంది.

చీటీ లేకుండా మందు ఇవ్వకుండా చూడవలసిన మనిషి పేరు షెడ్డు మీద ఫ్రేములో ఉంది. ఆ పేరు దామోదరం. ఆ పేరుగలవాడు పిండి పడుతున్నాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది.

పెద్దాసుపత్రి నుంచి మునిసిపాలిటీకి ఉత్తరం వచ్చింది, గెడ్డ సంగతి చూడమని. విచారణ పెట్టారు. గెడ్డ వల్ల కాలు పోయిందని తేలితే అప్పయ్యమ్మకి పరిహారం ఇవ్వాలి, అంతకంటే ముఖ్యంగా గొట్టం సంగతి తేల్చాలి. సన్యాసిరావు గారు ఫైలు తెరిచి నివేదిక చదివారు.

"సదరు మహిళ మధుమేహ రోగి. రక్తపోటు కూడా కలదు. కాలి పుండు ఆమెకు ముందునుంచీ ఉన్నది. ఇందుకు డాక్టరు చీటీయే సాక్ష్యము. మధుమేహ రోగులకు కాలి పుండ్లు మానకపోవుట, కాలు తొలగింపవలసి వచ్చుట వైద్యశాస్త్ర సమ్మతము. కావున గెడ్డకు ఎట్టి సంబంధమునూ లేదు."

కమిషనర్ గారు ఊపిరి పీల్చుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్ని మీటింగుల్లో నేను లేచి నిలబడింది ఎన్నడూ లేదు. ఆవేళ లేచాను.

"ఆమెకి షుగరు లేదండి. ఏ జబ్బూ లేదు. తోటకూరకి నీళ్ళకోసం ఆ జబ్బులన్నీ రాయించింది నేనే."

సన్యాసిరావు గారు కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "అయితే షుగరు లేని మనిషికి షుగరు మందు ఇన్నాళ్ళుగా మీ సమక్షమున ఎట్లు ఇచ్చిరి?"

"నా సమక్షంలో ఇవ్వలేదు. నేను అక్కడ లేను. మిల్లులో ఉన్నాను."

ఈ సంగతి అక్కడ ప్రతివాళ్ళకీ తెలుసు. మీటింగులో పైకి అన్నవాడు మాత్రం ఇంతవరకూ లేడు. సన్యాసిరావు గారు రూలు పుస్తకం తిరగేసి, కొంచెం విచారంగానే తీర్పు చెప్పారు. "ఫార్మసిస్టు షాపులో లేనందున అతని సర్టిఫికెట్టు రద్దు చేయవలెను. అక్కడ లేని మనిషి అక్కడ జరిగినదానికి సాక్షి కాజాలడు గనుక అతని వాంగ్మూలము కూడా చెల్లదు."

అలా సర్టిఫికెట్టూ పోయింది, నిజమూ పోయింది. నివేదిక మాత్రం ఉన్నదున్నట్టు నిలబడింది.

ఫార్మసిస్టు లేని షాపుకి లైసెన్సు ఉండదు. ఊళ్ళో ఇంకో సర్టిఫికెట్టు ఏదీ ఖాళీగా లేదు. అసిస్టెంటు ఇంజనీరుని అప్పటికే వేరే ఊరు బదిలీ చేసేశారు గనక ఎగువ మాట ఎత్తేవాడూ లేడు. వారం తిరక్కుండా ఆర్డరు వచ్చింది. "మల్లిగెడ్డ ఇకమీదట మందుల షాపు కాదు. అది మందుల షాపు కానందున అందున్నవి మందులు కావు. కావున సదరు గెడ్డ పూర్వమువలె నీరుగా పరిగణింపబడును." షెడ్డు విప్పి రేకులు పట్టుకుపోయారు. ఫ్రిజ్జు కమిషనర్ గారి ఇంటికి, భద్రపరచడానికి వెళ్ళింది.

దసరా వెళ్ళాక అప్పయ్యమ్మ చంకకర్రతో ఆటో దిగింది. ఎవరో సాయం పట్టి తెచ్చినట్టున్నారు, బిందె కూడా తెచ్చుకుంది. నేను మిల్లు ఆపి గెడ్డ దగ్గరికి వెళ్ళాను. మడికి నీళ్ళు పెట్టి చాలారోజులైనా వానలకి తోటకూర నడుమెత్తు పెరిగి ఉంది. గెడ్డ మీద తెల్లటి నురగ కదులుతోంది.

"ఇక చీటీ అక్కర్లేదు అప్పయ్యమ్మా. అడిగేవాడు లేడు. ఎంత కావాలంటే అంత తోడుకో. నేను పోస్తాను," అన్నాను.

ఆమె నీళ్ళకేసి చాలాసేపు చూసింది.

"అందల ఉన్నయ్యి తీసీసినారేటి బాబూ?"

"తియ్యలేదు. అవి మందులు కావని ఆర్డరు ఇచ్చారు."

"అంటే, కాగితం మీదే," అంది.

ఆమె బిందె బోర్లించి, కర్ర పక్కన పెట్టి, బిందె మీద మెల్లగా కూర్చుంది. కూరమడికేసి గెడ్డంతో చూపించింది. "ఆ కూరంతా పీకీ బాబూ. తెలిసి తెలిసి ఎవులికీ అమ్మలేను."

సాయంత్రం దాకా పీకాను. మడి ఖాళీ అయ్యేటప్పటికి ఆమె తిండి కూడా ఖాళీ అయిందని ఇద్దరికీ తెలుసు. పీకిన కూర గేదెలకి వెయ్యలేను, గెడ్డలో కలపలేను. మోపులు కట్టి మా మిల్లు ముందు కుప్ప పోశాను. దాన్ని ఎక్కడ పారెయ్యాలో అడుగుతూ మునిసిపాలిటీకి అర్జీ పెట్టాను. అది ఏ శాఖ కిందికి వస్తుందో తేల్చడానికి మీటింగు పెడుతున్నారట.